ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గారి దివ్యసముఖానికి

అమెరికాలో కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరెక్కించుకునే పోర్టల్ గారికి, కెంటకీ రాష్ట్రం లూయివిల్ నుంచి ఇక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ టీము కార్డినల్స్ అభిమాని ఒకడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, 2025లో ఒక్క మగపిల్లల బాస్కెట్‌బాల్‌లోనే రెండు వేలమందికి పైగా మీ గుమ్మం తొక్కారు కదా. కాలేజీ ఆటల్లో పై మెట్టయిన డివిజన్ వన్‌లో ఉన్నవే మూడొందల అరవై చిల్లర టీములు, అంటే ఆడే పిల్లల్లో మూడోవంతు కంటే ఎక్కువమంది మీ దగ్గరే ఉన్నట్టు.

సంగతేంటంటే, మా ఊళ్ళో నాలుగేళ్ళకోసారి ఒకటే ప్రశ్న వస్తుంది, ఈ కొత్త కోచ్ టీముని నిలబెడతాడా లేదా అని. బార్బర్ షాపులో అడుగుతారు, ఆఫీసులో అడుగుతారు, మా తెలుగోళ్ళ పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ కూడా అడుగుతారు. కోచ్‌ని కాదు, మిమ్మల్నే అడగాలని నాకు ఈమధ్యే తోచింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు మా కష్టం చెప్పుకోనివ్వండి. కోచ్ డెన్నీ క్రమ్ కాలంలో 1980, 1986 జాతీయ టైటిళ్ళు తెచ్చుకున్న ఊరండీ మాది. 2013లో ఇంకోటి కూడా గెలిచాం, కానీ 2018లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్ళు అది గెలవనట్టేనని తేల్చేసి బ్యానర్ కిందికి దింపించారు, చూసిన కళ్ళు మాత్రం మాకే ఉంచారు, సంతోషం. తర్వాత 2022లో మా 1986 టీములో ఆడిన కెనీ పేన్‌ని కోచ్‌గా తెచ్చాం. మన పిల్లాడే ఇంటికొచ్చాడని ఊరంతా ఏడ్చింది, ఆనందంతో. ఆ తర్వాత వేరే రకంగా ఏడ్చింది. సీజన్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో లెనాయిర్ రైన్ అనే డివిజన్ టూ కాలేజీ చేతిలో ఓడాం. సరే ప్రాక్టీసే కదా అనుకున్నాం. సీజన్ మొదలయ్యాక మొదటి మూడు మ్యాచ్‌లూ ఒక్కొక్క పాయింట్ తేడాతో పోయాయి, 67-66, 73-72, 61-60, అందులో మొదటిది మా ఊళ్ళోనే ఉన్న బెల్లర్‌మైన్ చేతిలో, అవతలోళ్ళు ఇంటికెళ్ళడానికి బస్సు కూడా అక్కర్లేదు. తొమ్మిది ఓటముల తర్వాత గానీ మొదటి గెలుపు చూడలేదు. ఏడాది తిరిగేసరికి 4 గెలుపులు 28 ఓటములు. రెండో ఏడు 8-24. మొత్తం 12-52. ఆయన్ని పంపించేటప్పుడు ఒప్పందం ప్రకారం చేతిలో పెట్టాల్సింది దాదాపు 80 లక్షల డాలర్లు. గెలుపుకి ఎంత పడిందో లెక్కేయకండి, మేం వేశాం, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక మాట మీ తరఫున చెప్పాలి. అప్పుడు కూడా మీరున్నారు, 2018 అక్టోబర్ నుంచీ ఉన్నారు. పేన్ గారు రెండో ఏడు మీ దగ్గరికే వచ్చి ఇలినాయ్ నుంచి స్కై క్లార్క్‌ని, యూఎస్‌సీ నుంచి ట్రే వైట్‌ని తెచ్చుకున్నాడు. వచ్చిన ఫలితం ఆ 8-24. సీజన్ అవ్వగానే క్లార్క్ యూసీఎల్ఏకి, వైట్ ఏమో క్లార్క్ వదిలేసి వచ్చిన ఆ ఇలినాయ్‌కే వెళ్ళిపోయారు. అంటే ఒక ఊరు వదిలిన కుర్చీలోకి ఇంకో ఊరు వదిలినోడు. మా రాష్ట్రాల్లో అయితే దీన్ని కండువా మార్చడం అంటారండీ. పొద్దున ఒక పార్టీ ఆఫీసు, సాయంత్రానికి ఇంకో పార్టీ ఆఫీసు, మధ్యలో బట్టతల మీద పడ్డ పూలు దులుపుకునే టైం కూడా ఉండదు. మాకు కనీసం 1985 నుంచి ఫిరాయింపుల చట్టం అని ఒకటుంది, పనిచేస్తుందా అంటే అది వేరే విషయం. మీకు అదీ లేదు. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సిందే అని రూలుండేది, 2021లో మొదటిసారి మారేవాళ్ళకి అది తీసేశారు, 2024కి ఎన్నిసార్లు మారినా పర్లేదు అన్నారు. 2021 జులై నుంచి పిల్లలు తమ పేరు మీద డబ్బు తీసుకోవచ్చన్నారు, 2025లో కోర్టు సెటిల్‌మెంట్‌తో కాలేజీలే నేరుగా ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా అన్ని ఆటలకీ కలిపి పంచొచ్చు అని కూడా వచ్చేసింది. ఇంక మీ రాజ్యానికి అడ్డేముంది.

అసలు మీరు చూడ్డానికి ఎలా ఉంటారో అని నాకు చాన్నాళ్ళు కుతూహలం. ఏదో పెద్ద ద్వారం, పొగ, లైట్లు అనుకునేవాణ్ణి. తీరా కనుక్కుంటే మీరు ఒక లిస్టు. పిల్లాడు కాలేజీ ఆఫీసులో నేను వెళ్తానని రాసిస్తాడు, రెండు పనిదినాల్లో వాళ్ళు పేరు ఎక్కిస్తారు, దేశం మొత్తం మీద కోచ్‌ల దగ్గరున్న స్క్రీన్లలో ఆ పేరు కనపడుతుంది, అంతే, ఫోన్లు మొదలు. కొన్ని పేర్ల పక్కన నన్ను సంప్రదించొద్దు అని గుర్తు కూడా ఉంటుందట, అంటే ఎక్కడికెళ్ళాలో ముందే మాట్లాడేసుకున్నాడన్నమాట, పెళ్ళిచూపులకి ముందే శుభలేఖలు అచ్చయిపోయాయి.

సరే, 2024 మార్చిలో పాట్ కెల్సీ వచ్చాడు. చార్ల్‌స్టన్ కాలేజీ నుంచి. మనిషి మాట్లాడుతుంటే కరెంటు పోయినా మైకు పనిచేస్తుంది, అంత ఊపు. ఆయన వచ్చేసరికి మా లాకర్ రూంలో ఉన్న ఆటగాళ్ళెంతమంది అంటే, చివరికి మిగిలినోళ్ళు సున్నా. స్కాలర్‌షిప్ మీదున్న ఒక్కడు కూడా మిగల్లేదు. నిలబెట్టడం అంటే కూలింది నిలబెట్టాలి కదండీ, ఇక్కడ కూలిన ముక్కలు కూడా ఎవరో పట్టుకుపోయారు. ఆయన మీ లిస్టు ముందేసుకుని కూర్చున్నాడు. విస్కాన్సిన్ నుంచి చకీ హెప్‌బర్న్, జేమ్స్ మాడిసన్ నుంచి టెరెన్స్ ఎడ్వర్డ్స్, కొలరాడో నుంచి జేవాన్ హాడ్లీ, బీవైయూ నుంచి నోవా వాటర్‌మన్, తన పాత కాలేజీ నుంచే ఆస్ట్రేలియా షూటర్ రెయిన్ స్మిత్. అక్టోబర్‌లో నేను వీళ్ళ పేర్లు ఎగ్జామ్‌కి చదివినట్టు చదివా, ఎందుకంటే మా ఆఫీసులో నాతో మ్యాచ్‌లు చూసే పెద్దాయన, నలభై ఏళ్ళ సీజన్ టికెట్ ఆయనది, మ్యాచ్ మధ్యలో ఆ 24 ఎవడు రా అబ్బాయ్ అని నన్నడుగుతాడు. కెంటకీలో పుట్టిన ఆయనకి గుంటూరులో పుట్టిన నేను చెప్పాలి.

డిసెంబర్ మధ్యలో 6-5 మీద ఉన్నాం, అప్పటికే ఒకడి మోకాలు పోయింది, ఒకడి భుజం పోయింది, మళ్ళీ అదే కథరా బాబూ అనుకున్నాం. అక్కణ్ణుంచి ఇరవైనాలుగు మ్యాచ్‌ల్లో ఓడింది మూడు. మేం ఆడే కాలేజీల కూటమి (కాన్ఫరెన్స్ అంటారు) ఏసీసీలో 18-2. ఆ కూటమి టోర్నమెంట్ ఫైనల్లో డ్యూక్ కాలేజీ దగ్గర ఆగాం. మొత్తం 27-8, కెల్సీకి ఏసీసీ ఉత్తమ కోచ్, హెప్‌బర్న్‌కి ఉత్తమ డిఫెండర్, 2019 తర్వాత మొదటిసారి జాతీయ టైటిల్ కోసం ఆడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్. ఇదంతా మీ దయేనా అంటే, కాదండి, ఇక్కడ మీకు క్రెడిట్ ఇవ్వను. పేన్‌కిచ్చిన లిస్టే కెల్సీకీ ఇచ్చారు మీరు. కానీ ఈయనకి ఎవణ్ణి తేవాలో తెలుసు, ఎందుకు తేవాలో తెలుసు. పరిగెత్తాలి, వేసిన షాట్లలో దాదాపు సగం త్రీలే (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయాలి, బంతి చేతిలో ఉంచుకుని ఆలోచించకూడదు, దానికి సరిపోయేవాళ్ళనే ఏరుకున్నాడు. పేరు చూసి కాదు, పని చూసి.

అదే ఏడాది మిషిగన్‌లో కూడా ఇదే. జువాన్ హోవర్డ్ ఆఖరి సీజన్ మా లాగే 8-24, అంకెలు కూడా మారలేదు చూడండి. డస్టీ మే వచ్చాడు, ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి తన పాత సెంటర్‌ని (బుట్ట కింద ఆడే పొడుగువాణ్ణి), యేల్ నుంచి ఇంకో ఏడడుగుల వాణ్ణి, ఆఖరికి బద్ధశత్రువు ఒహాయో స్టేట్ నుంచి కూడా ఒకణ్ణి తెచ్చాడు, 27-10, వాళ్ళ కూటమి బిగ్ టెన్ టోర్నమెంట్ గెలిచి జాతీయ టోర్నమెంట్లో ఆఖరి పదహారు జట్ల (స్వీట్ సిక్స్‌టీన్) దాకా వెళ్ళాడు. ఒహాయో స్టేట్ నుంచి మిషిగన్‌కా! పాతకాలం అయితే పిల్లాడి ఇంటిముందు ధర్నా చేసేవాళ్ళు. మేం 2017లో పంపించేసిన కోచ్ రిక్ పిటినో కూడా డెబ్భై దాటిన వయసులో సెయింట్ జాన్స్‌ని రెండో ఏడాదికే 31-5 చేశాడు. ఆ వార్త మా ఊళ్ళో ఎవరూ గట్టిగా చదవలేదు.

అయితే పోర్టల్ గారూ, నాకు నిద్రపట్టనివ్వని లెక్క ఇంకోటుంది. కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ 1980లో డ్యూక్‌కి వచ్చినప్పుడు దానిముందు ఏడాది ఆర్మీ కాలేజీ టీముతో ఆయన రికార్డు 9-17. డ్యూక్‌లో మొదటి మూడేళ్ళు 17-13, 10-17, 11-17. ఆ మూడో ఏడు వర్జీనియా చేతిలో 109-66తో ఓడాడు. తీసేయండ్రా అని జనం గోల, అక్కడి ఆటల డైరెక్టర్ టామ్ బటర్స్ తీసేయకపోగా ఒప్పందం పొడిగించాడు. టైటిల్ వచ్చింది 1991లో, ఆ తర్వాత ఇంకో నాలుగు. జాన్ వుడెన్ యూసీఎల్ఏలో 1948లో చేరితే మొదటి టైటిల్ 1964లో. బేలర్‌లో స్కాట్ డ్రూ 2003లో అడుగుపెట్టేసరికి ఒక ఆటగాణ్ణి తోటి ఆటగాడే చంపిన కేసు, మొదటి ఏడు 8-21, 2005-06లో సొంత కాన్ఫరెన్స్ బయట మ్యాచ్‌లే ఆడొద్దని శిక్ష, ఆ ఏడాది 4-13. టైటిల్ 2021లో, అప్పటిదాకా ఒక్కటి కూడా ఓడని గొంజాగా మీద, 86-70. ఆ టీములోనూ వేరే కాలేజీల నుంచి వచ్చినోళ్ళున్నారు, డేవియన్ మిచెల్ ఆబర్న్ నుంచే కదా వచ్చాడు, కాకపోతే అప్పటి రూలు ప్రకారం ఏడాది కూర్చుని, చూసి, నేర్చుకుని దిగాడు. ఈ రోజుల్లో 11-17 కొట్టిన కోచ్‌కి నాలుగో ఏడు కాదు కదా నాలుగో ప్రెస్‌మీట్ ఉంటుందా? ఉన్నా, ఆ 11-17లో తప్పులు చేసి నేర్చుకున్న పిల్లలు నాలుగో ఏడు వాడి దగ్గరే ఉంటారా?

అంటే ఇప్పుడు కోచ్ టీముని బాగుచేయగలడు, ఏడాదిలోనే బాగుచేయగలడు, ఆ ఒక్క ఏడాదికే. 2025 మార్చి 20 గురువారం మేం ఆ ఎన్‌సీఏఏ టోర్నమెంట్లో క్రెయిటన్ చేతిలో 89-75 ఓడాం, అదీ మా ఆగర్భశత్రువు కెంటకీ వాళ్ళ రప్ అరీనాలో. సోమవారం, 24న, మీరు తలుపు తీశారు. నాలుగు రోజులు. మన దగ్గర చిన్నకర్మకి కూడా అటూఇటూ అంతే టైం పడుతుంది. హెప్‌బర్న్, ఎడ్వర్డ్స్, స్మిత్, వాటర్‌మన్ కాలేజీలో ఆడే గడువు అయిపోయి వెళ్ళిపోయారు, మళ్ళీ కొత్త పేర్లు. జేవియర్ నుంచి రయన్ కాన్వెల్, అతనికి మాది నాలుగో కాలేజీ. వర్జీనియా నుంచి ఐజాక్ మెక్‌నీలీ. వర్జీనియా అంటే గుర్తొచ్చింది, అక్కడ 2019 టైటిల్ గెలిచిన కోచ్ టోనీ బెనెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్ మొదలవ్వడానికి మూడు వారాలు కూడా లేవనగా, ఈ వాతావరణానికి నేను సరిపోను అని చెప్పి దిగిపోయాడు. ఆయన ఓపిగ్గా తయారుచేసుకున్న షూటర్ 2025లో మా దగ్గరికొచ్చాడు. మేం సిగ్గుపడ్డామా? లేదు, చప్పట్లు కొట్టాం.

పిల్లల్ని అనట్లేదండి. కోచ్‌లు రాత్రికి రాత్రి వెళ్ళిపోతే నైతికత గుర్తురాని మాకు, పిల్లాడు వెళ్తే మాత్రం విశ్వాసం గుర్తొస్తుంది. కోచ్ క్యాలిపారి కెంటకీ వదిలి ఆర్కన్సా వెళ్ళినప్పుడు ఎవరైనా ఆయన్ని ఏడాది బెంచీ మీద కూర్చోమన్నారా? ఓడినందుకు 80 లక్షలు ఇచ్చిన ఊరు, గెలిపించే పంతొమ్మిదేళ్ళ వాడు డబ్బడిగితే కాలం చెడిపోయిందంటుంది.

మొన్న జెర్సీ కొందామని షాపుకెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు పేరు వద్దన్నా, నంబర్ ఒక్కటే వేయించుకో అన్నాడు. నంబర్ అయితే ఎవడో ఒకడు వేసుకుంటాడంట వచ్చే ఏడు.

కాబట్టి ఇన్ని నిష్ఠూరాలాడాక అడగడానికి మొహం చెల్లట్లేదు గానీ, ఎలాగూ రాశాను కాబట్టి మనవి. వచ్చేసారి మీరు తలుపు తీసినప్పుడు మాకొక సెంటర్ కావాలి. ఏడడుగులు లేకపోయినా ఆరడుగుల పదకొండు సర్దుకుంటాం, రీబౌండ్ పట్టాలి, ఫ్రీ త్రో కనీసం రెండిట్లో ఒకటి పడాలి, మోకాళ్ళ రిపోర్టులు ముందే పంపిస్తే మేలు. ఇంకా రెండేళ్ళు ఆడే అర్హత ఉన్నవాడైతే జెర్సీ మీద పేరు వేయించుకుంటా.

ఇట్లు,
తమ విధేయుడు,
పై అంతస్తు, కారిడార్ పక్క సీటు, యమ్ సెంటర్, లూయివిల్