పెట్టుబడి వస్తోంది, సంతోషం. రాత్రిపూట కరెంటు ఎక్కడిది?

2025 అక్టోబర్ 14న విశాఖ గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పటి నుంచీ నా ఫీడ్ రెండుగా చీలిపోయింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లని ఒకరి సంబరం. నీళ్లూ కరెంటూ తాగేస్తుంది, ఉద్యోగాలు మాత్రం కొన్నేనని ఇంకొకరి కోపం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో రాత్రింబవళ్లు నడిచే ఆ సర్వర్లకు పొద్దు కుంకాక కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్లు చాలా తక్కువగా కనిపిస్తున్నారు. నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అదే.

ఇంత పెద్ద డేటా సెంటర్ల వాడకాన్ని గిగావాట్లలో లెక్కిస్తారు. ఒక గిగావాట్ (వెయ్యి మెగావాట్లు) లోడ్ ఏడాది పొడుగునా పూర్తిగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. మన దేశంలో కరెంటు నూటికి 70 పాళ్లకు పైగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి సగటున ఒక్కో యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. గుణిస్తే ఏడాదికి 60 లక్షల టన్నులు. అవే సర్వర్లను సోలార్, గాలి, నిల్వ కరెంటుతో నడిపితే ఇందులో చాలా భాగం ఉండనే ఉండదు. పెట్టుబడిలో పైసా తేడా లేకపోయినా ఇంత తేడా వస్తుంది, అదంతా కరెంటు ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టే.

అందుకే "విదేశీ పెట్టుబడి కాలుష్యం తెస్తుంది", "కాదు, కొత్త టెక్నాలజీ తెస్తుంది" అన్న వాదన నాకు సగంలో ఆగిపోయినట్టుంటుంది. వియత్నాం చూడండి. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక సామ్‌సంగ్ లాంటి కంపెనీలు వరసగా ఫ్యాక్టరీలు పెట్టాయి. వాటికి కరెంటు కావాలి. ప్రభుత్వం బొగ్గు ప్లాంట్లు కట్టుకుంటూ పోయింది. సోలార్‌కు మంచి ధర ఇస్తామనేసరికి 2019, 2020 రెండేళ్లలోనే వేల మెగావాట్ల ప్యానెళ్లు వెలిశాయి. 2023 మే, జూన్‌లో ఎండలకు ఉత్తరాది జలాశయాలు అడుగంటి పారిశ్రామిక వాడల్లో కరెంటు పోయింది. క్లీన్ కరెంటు నేరుగా కొనుక్కోనివ్వమని విదేశీ కంపెనీలు ఎన్నాళ్లుగానో అడుగుతుంటే 2024 జూలైలో గానీ ఆ నిబంధన రాలేదు. ప్రభుత్వం ఏ తలుపు తెరిస్తే డబ్బు ఆ తలుపులోంచే వెళ్లింది.

మన దగ్గరా అంతే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే 1680 మెగావాట్ల ప్రాజెక్టు ఉంది. దాన్ని కట్టిన గ్రీన్‌కోలో ప్రధాన వాటా సింగపూర్ ప్రభుత్వ నిధిది. అదీ విదేశీ పెట్టుబడే.

కంపెనీలు చెప్పే "వంద శాతం గ్రీన్" మాటలో ఒక మెలిక ఉంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడారో అన్ని యూనిట్ల సోలార్ ఎక్కడో కొంటే లెక్క సరిపోతుంది. రాజస్థాన్‌లో మిట్టమధ్యాహ్నం తయారైన యూనిట్‌ను విశాఖలో రాత్రి రెండింటికి వాడిన దానికి జమకడతారు. ఆ రాత్రి నిజంగా మండేది పరవాడ సింహాద్రి లాంటి ప్లాంట్లలోని బొగ్గు. ఈ మెలిక గూగుల్‌కు తెలుసు. 2030 కల్లా ప్రతి గ్రిడ్‌లో, ప్రతి గంటా కర్బనరహిత కరెంటే వాడతామని 2020లో లక్ష్యం పెట్టుకుంది వాళ్లే. తమ ఉద్గారాలు 2019 నుంచి 2023కి 48 శాతం పెరిగాయని చెప్పిందీ వాళ్లే. కాబట్టి మనం కొత్తగా అడగాల్సిందేమీ లేదు. వాళ్లు పెట్టుకున్న ఆ లక్ష్యాన్నే విశాఖ ఒప్పందంలో షరతుగా రాయమనాలి.

డేటా సెంటర్ మీద ఇంత చర్చ జరుగుతుంటే నక్కపల్లి ఉక్కు ఫ్యాక్టరీ గురించి మౌనం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఆర్సెలర్ మిట్టల్, నిప్పన్ స్టీల్ కలిసి కడుతున్న ఆ ప్లాంటు సామర్థ్యం మొదటి దశలోనే ఏడాదికి 70 లక్షల టన్నులకు పైన. బొగ్గుతో ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే దాదాపు కోటిన్నర టన్నులు, డేటా సెంటర్‌కు రెండింతల పైన. ఇక్కడ గ్రిడ్‌ను మార్చినా పెద్దగా లాభం లేదు, కొలిమిలోనే బొగ్గు ఉంది. ఒకసారి కట్టిన కొలిమి దశాబ్దాల పాటు నడుస్తుంది. ఆ ఉక్కు ఏ దేశానికి ఎగుమతి అయినా పొగ మాత్రం మన దేశపు ఖాతాలోనే పడుతుంది. పైగా యూరప్ 2026 జనవరి నుంచి దిగుమతి ఉక్కు మీద కార్బన్ సుంకం మొదలుపెట్టింది. ఆ భారం రేపు మన ఎగుమతుల మీదే కదా పడేది?

పరిశ్రమలు వద్దనడం లేదు. సగటు అమెరికన్ ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే మనం రెండు టన్నుల దగ్గర ఉన్నాం. ఎదిగే హక్కు మనకుంది. ఆ హక్కుతోనే అడుగుతున్నాను: ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని ఎకరాలు అని ప్రకటించే ప్రతి ఒప్పందంలో ఏడాదికి ఎన్ని టన్నుల కార్బనో కూడా ప్రకటించండి. ఏ గంటలో ఏ ప్లాంటు కరెంటు వాడారో ప్రతి నెలా బయటపెట్టాలని భూమి అప్పగించే ముందే రాయించుకోండి. భూమి చేతులు మారాక ఎవరడిగినా వినరు.