పచ్చడి పెట్టే ముందు ఆధార్ అడిగాం

మొన్నటి ఉగాదికి బెంగళూరులోని మన తెలుగు సంఘం హాలు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. ముఖ్య అతిథి వస్తున్నారు కాబట్టి వచ్చేవాళ్లందరి వివరాలు కావాలని పోలీస్ స్టేషన్ నుంచి ఎవరో ఫోన్లో అడిగారట. ముందురోజు రాత్రి కమిటీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పేరు, ఫోన్ నంబరు, సొంతూరు, ఇక్కడి చిరునామా, ఆధార్ జిరాక్స్. జిరాక్స్ లేకపోతే సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఎందుకని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు.

కె.ఆర్.పురం అవతల కట్టుబడి పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మనవాళ్లు ఏటా మన ఉగాదికి వస్తారని మీకందరికీ తెలుసు. కదిరి, తనకల్లు వైపు వాళ్లు. శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు బస్సెక్కి వచ్చి, ఇక్కడే ఉండిపోయినవాళ్లు. వాళ్లలో ఒకావిడ మనకు వేపపూత తెస్తుంది. పేరు రాయను. మన ఫ్లాట్లలో వేపచెట్టు ఎక్కడిది? ఆవిడే తెల్లారకముందే కోసి, పాత చీరముక్కలో మూట కట్టి, వాడిపోకుండా దారి పొడుగునా నీళ్లు చిలకరించుకుంటూ తెస్తుంది. మూట విప్పితే కాడలన్నీ ఏరేసి ఉంటాయి, ఒట్టి పువ్వే.

ఆ పొద్దున ఆవిడ వెనకాల పదిహేను మంది దాకా ఉన్నారు. పిల్లలు కొత్తబట్టల్లో ఉన్నారు. “ఆధార్ చూపించమ్మా” అన్నాను.

“కాగితాలన్నీ ఊర్లోనే ఉండాయక్కా.”

“పోనీ పేరు, నంబరు చెప్పు. ఒక ఫొటో తీసుకుంటాం.”

ఆవిడ నా చేతిలో పెన్ను వైపు చూసింది. “రాసుకోని ఏం చేస్తారక్కా?”

నా దగ్గర జవాబు లేదు. “పోలీసులు అడిగారు” అన్నాను. ఆ మాట వినగానే వెనకున్న మగవాళ్లు పిల్లల చేతులు పట్టుకుని రోడ్డు దాటేశారు. ఆవిడ మూట బల్ల మీద పెట్టి, “పచ్చట్లోకి” అని చెప్పి వాళ్ల వెంట వెళ్లిపోయింది. ఆ పూతతోనే పచ్చడి కలిపారు. నాకు గొంతు దిగలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆ షెడ్ల దగ్గరికి ఎవరో వచ్చి ఫొటోలు తీసుకుపోయారట. మన లిస్టు వల్లే వచ్చారని నేను చెప్పలేను. వాళ్లు మాత్రం అలాగే అనుకుంటున్నారు.

ఈ సంగతి నెలవారీ మీటింగులో ఎత్తితే పెద్దలొకరు, “దాచేది లేనప్పుడు భయమెందుకమ్మా?” అన్నారు. మా ఊళ్లో మా ఇంటి ఎదుట అరుగు మీద ఒక అవ్వ కూర్చునేది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరి పొయ్యి వెలగలేదు, ఎవరి కోడలు ఏడ్చింది, అంతా ఆవిడకు తెలుసు. పొయ్యి వెలగని ఇంటికి పొద్దుగూకేలోగా ముద్ద, పప్పు పంపేది. అంత తెలిసిన అవ్వ కూడా పెరట్లో తడిక చాటున ఎవరైనా నీళ్లు పోసుకుంటుంటే తల తిప్పుకుని వెళ్లేది. తడిక కట్టుకున్నది లోపల దొంగతనం చేయడానికా?

కాపలా వద్దని నేననడం లేదు. 2024 మార్చి 1న ఇక్కడి రామేశ్వరం కెఫే హోటల్లో బాంబు పేలినప్పుడు మా అబ్బాయి ఆఫీసు ఆ దారిలోనే. వాడు ఫోన్ ఎత్తేదాకా నా ప్రాణం నాలో లేదు. ఆ బాంబు పెట్టినవాడి జాడ తీయడంలో సీసీ కెమెరాల దృశ్యాలు ఎంతో పనికొచ్చాయి. ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్లో ఇద్దరిని పట్టుకున్నారు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయారు. కాబట్టి మన హాల్లోకి ఎంతమంది వస్తున్నారో లెక్క ఉండాల్సిందే. అయితే తలలు లెక్కపెట్టడానికి టోకెన్లు చాలు. సంచులు చూడాలంటే చూద్దాం. తనకల్లు నుంచి వచ్చిన కూలీ ఆధార్ నంబరు మన లాప్‌టాప్‌లో ఉంటే అతిథికి వచ్చే రక్షణ ఏమిటి?

మన వేదిక మీద ఏటా తెలుగు మహనీయుల పటాలు పెడతాం. అందులో కోకా సుబ్బారావుగారి పటం నేనెప్పుడూ చూడలేదు. రాజమండ్రి వైపు మనిషి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినవారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు సాక్ష్యం లేక వీగిపోయినా, పోలీసులు హిస్టరీ షీటు (అనుమానితుల మీద పెట్టే నిఘా రికార్డు) తెరిచి అర్ధరాత్రి తలుపు కొట్టి లేపేవాళ్లు. దానిమీద ఆయన సుప్రీంకోర్టుకెళ్తే, 1962లో రాత్రిపూట ఇళ్లకు రావడం తప్పన్న న్యాయమూర్తులే, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. స్వేచ్ఛలో గోప్యత కూడా ఉందని, వెంట నీడలా తిరిగే నిఘా మొత్తం చెల్లదని సుబ్బారావుగారు విడిగా తీర్పు రాశారు. ఆయనతో కలిసింది ఇంకొక్కరే. ఆ మాట 55 ఏళ్లు ఆగి గెలిచింది. మన బెంగళూరులోనే ఉండిన కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్ మీద 2012లో, 86 ఏళ్ల వయసులో కోర్టుకెక్కారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ప్రభుత్వం అందులోకి చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి అడగకూడదు. మనకొచ్చిన ఫోన్ కాల్లో ఈ మూడింట్లో ఏది ఉంది?

ఫోన్ ట్యాపింగ్‌కే 1996లో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. అన్ని హద్దులున్నా హైదరాబాద్‌లో 2024లో ట్యాపింగ్ కేసు బయటపడి ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో మన బంధువుల నోటే విన్నాం. మన ఎక్సెల్ షీటుకు ఉత్తర్వూ లేదు, గడువూ లేదు. ఇప్పటికి అది ఎంతమంది ఫోన్లలోకి వెళ్లిందో సెక్రటరీగారికే తెలియదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా కేంద్రం తన సంస్థలను మినహాయించుకునే వీలు ఉంచుకుంది. అలాంటప్పుడు ఇచ్చే చోట మనమే చెయ్యి బిగించుకోవాలి.

కమిటీ పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ షీటు, జిరాక్సులు, ఫొటోలు వచ్చే మీటింగులో అందరి ముందూ చెరిపేయండి, చించేయండి. ఇకమీదట ఎవరడిగినా, ఏ చట్టం కింద అడుగుతున్నారో కాగితం మీద రాసిమ్మని మర్యాదగా చెప్పండి. ఎక్కడైనా గుర్తింపు తప్పదంటే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. వేపపూత తెచ్చే మనిషిని మాత్రం ఏమీ అడక్కండి.

వచ్చే ఉగాదికి పిలవడానికి ఆ షెడ్ల దగ్గరికి నేనే వెళ్తాను. ఆవిడ మళ్లీ అదే ప్రశ్న అడుగుతుంది. చెరిపేశామని తీర్మానం రాసి, సంతకాలు చేసివ్వండి. చదివి వినిపిస్తాను.