ఆసుపత్రిలో ‘పత్రి’ లేదు

మొన్న కావలి నుంచి మా మామయ్య వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపాడు. ‘ఆశు’ అంటే త్వరగా, ‘పత్రి’ అంటే ఆకులు, ఆకులతో త్వరగా నయం చేసే చోటు ఆశుపత్రి, దాన్నే తెల్లవాళ్లు హాస్పిటల్ చేసుకున్నారు అని. ఇది గ్రూపుల్లో చాన్నాళ్లుగా తిరుగుతున్నదే.

ముక్కలు రెండూ నిజమే. ఆశుకవిత్వంలోని ఆశువు అదే, వినాయకచవితికి కోసుకొచ్చే పత్రీ అదే. కలిపితే మాత్రం చోటు అనే అర్థం రాదు. దానికి మనవాళ్లు శాల అనో ఆలయం అనో చేరుస్తారు.

మలయాళంలో ‘ఆశుపత్రి’ అనే రాస్తారు, అదే సాక్ష్యం అంటారు. సరే, మిగతా ఇరుగుపొరుగునూ అడుగుదాం. కన్నడంలో ఆస్పత్రె, తమిళంలో ఆస్పత్తిరి, హిందీలో అస్పతాల్, బెంగాలీలో హాస్‌పాతాల్. మాట సంస్కృతానిదే అయితే హిందీ, బెంగాలీల్లో చివర ‘ల్’ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? బెంగాలీలో మొదటి ‘హ’ కూడా చెక్కుచెదరలేదు. వచ్చిన మాటను ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు తిప్పుకున్నారు. మన నోటికి పత్రి అలవాటు, అంతే.

హాస్పిటల్ అసలు పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘హోస్పెస్’ అంటే అతిథి, అతిథికి చోటిచ్చేవాడు కూడా. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో హాస్పిటల్ అంటే యాత్రికులూ బీదలూ తలదాచుకునే సత్రం. రోగులకే అన్న అర్థం తర్వాత స్థిరపడింది. హోటల్, హాస్టల్ కూడా ఆ ఇంటి పిల్లలే. చేపల పులుసు వడ్డించే నెల్లూరు హోటలూ, సెలైన్ ఎక్కించే హాస్పిటలూ అక్కాచెల్లెళ్లన్నమాట.

ఇదంతా ఒప్పుకుంటే మనకు వైద్యశాలలే లేవన్నట్టు కాదా అని మామయ్య బాధ. మాట వేరు, వైద్యం వేరు. రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనంలో (1261) ప్రసూతిశాల, ఆరోగ్యశాల రెండూ ఉన్నాయి. తమిళనాడు తిరుముక్కూడల్‌లో 11వ శతాబ్దపు చోళ శాసనం 15 పడకల ఆతురశాల (రోగుల శాల) లెక్క చెబుతుంది. ఆ పేర్లలో ఎక్కడా ఆశుపత్రి లేదు.

నిజంగా మన దగ్గర్నుంచి వెళ్లిన మాట కావాలంటే నెల్లూరులో ఆసుపత్రులు కిక్కిరిసిన పొగతోటలో ఏ ల్యాబ్ ముందు నిలబడినా వినిపిస్తుంది: షుగర్. సంస్కృత శర్కర పారసీకానికి, అరబ్బీకి వెళ్లి, లాటిన్, ఫ్రెంచి దాటి ఇంగ్లీషులో షుగర్ అయింది. తిరిగొచ్చి మన దగ్గర ఏకంగా జబ్బు పేరైంది.

ఇది చెబితే మామయ్య, “అట్లయితే నా షుగరు మనదేనన్నమాట” అన్నాడు.