డెంగ్ అడ్డు తొలగిన చోట, తొలగని చోట

1978 శీతాకాలంలో చైనాలోని అన్‌హుయ్ రాష్ట్రం, ఫెంగ్యాంగ్ జిల్లా, షియావోగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా ఒక మట్టి ఇంట్లో చేరి కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఉమ్మడి భూమిని ఇంటికింత అని పంచుకుని, ఎవరి చెక్క వాళ్లు సాగు చేసుకోవాలన్నది ఒప్పందం. సర్కారుకు కట్టాల్సిన ధాన్యం కడతాం, ఇకమీదట చెయ్యి చాచం అని రాసుకున్నారు. సంగతి బయటపడి ఊరి నాయకులు జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు సాకాలి. అడుక్కుతినడానికి ఊళ్లకు ఊళ్లే కదిలిపోయే జిల్లా అది. అక్కడి రైతు ఇలాంటి షరతు రాసుకున్నాడంటే ఆకలికీ జైలుకూ మధ్య ఏది నయమో తేల్చుకున్నాడన్నమాట.

అదే డిసెంబరులో బీజింగ్‌లో కమ్యూనిస్టు పార్టీ 11వ కేంద్ర కమిటీ మూడో ప్లీనం జరిగింది. చైనా సంస్కరణలకు పుట్టినరోజుగా అందరూ చెప్పుకునే సమావేశం ఇదే. కానీ ఆ ప్లీనం సూత్రప్రాయంగా ఆమోదించిన వ్యవసాయ పత్రంలో, భూమిని కుటుంబాలకు అప్పగించి సాగు చేయించడానికి వీల్లేదని స్పష్టంగా ఉంది! పొలంలో రైతులు చేసేసిన పనిని రాజధానిలో నాయకులు అప్పటికింకా నిషేధిస్తూనే ఉన్నారు.

మావో తర్వాత చైనాను సంస్కరణల దారి పట్టించిన నాయకుడు డెంగ్ సియావోపింగ్ గురించి తెలుగులో రెండు కథలే ఎక్కువగా వింటూ వచ్చాం. విప్లవ శిబిరం చెప్పిన కథలో ఆయన రివిజనిస్టు, మావో కట్టిన ఇంటిని కూలదోసినవాడు. 1991 తర్వాత మన మధ్యతరగతికి నచ్చిన కథలో పేద దేశాన్ని ఒంటిచేత్తో పైకి లేపిన దార్శనికుడు. తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కలిసే చోటు ఒకటుంది. జరిగిందంతా ఆయనే చేశాడని ఇద్దరూ నమ్ముతారు. నాకు ఆ నమ్మకంతోనే పేచీ. డెంగ్ గొప్పతనం ఎక్కువగా ఆయన అడ్డు తొలగిన చోట ఉంది. ఆయన మీద ఉన్న అభియోగం కూడా తొలగడానికి నిరాకరించిన చోటే ఉంది.

1904లో సిచువాన్‌లోని గ్వాంగాన్ దగ్గర పుట్టిన డెంగ్ 16 ఏళ్లకే ఫ్రాన్స్ ఓడ ఎక్కాడు. చదువుకోవాలని వెళ్లినవాడు ఉక్కు కర్మాగారంలో, రబ్బరు చెప్పుల తయారీలో, రెనో కార్ల ఫ్యాక్టరీలో కూలీ అయ్యాడు. కమ్యూనిస్టు అయింది అక్కడే. 1926లో మాస్కో చేరేసరికి లెనిన్ మొదలుపెట్టిన నూతన ఆర్థిక విధానం కింద రైతు తన మిగులు ధాన్యాన్ని సంతలో అమ్ముకుంటున్నాడు. కమ్యూనిస్టు పార్టీ పాలన కిందే సంత నడవడం ఆ కుర్రవాడు కళ్లారా చూశాడు.

ఆ తర్వాతి 30 ఏళ్లు లాంగ్ మార్చ్, యుద్ధాలు, అధికారం. 1957 దగ్గర మాత్రం ఆగక తప్పదు. ఆ ఏడాది ‘మితవాదుల’ ఏరివేతలో 5 లక్షల మందికి పైగా మేధావులు, ఉద్యోగులు, ఉపాధ్యాయుల మీద ముద్ర పడింది. చాలామంది శ్రమ శిబిరాలకు పోయారు. పార్టీ ప్రధాన కార్యదర్శిగా దాన్ని దగ్గరుండి నడిపించింది డెంగే. తర్వాత తప్పుడు ముద్రలు తొలగించినప్పుడు కూడా ఆ ఏరివేత అసలు అవసరమే లేదని ఆయన ఒప్పుకోలేదు.

ఆ వెంటనే ఊళ్లన్నిటినీ కమ్యూన్లుగా మార్చి ఒక్క దూకులో ఉత్పత్తి పెంచాలని మావో తలపెట్టిన ‘మహా ముందంజ’ కోట్ల ప్రాణాలు తీసిన కరువుగా ముగిసింది. ప్రాణాలు నిలుపుకోవడానికి కొన్ని రాష్ట్రాల్లో రైతులు అప్పుడే పొలాలు పంచుకున్నారు. 1962 జూలైలో దాన్ని సమర్థిస్తూ డెంగ్ చెప్పిందే ఆ ప్రసిద్ధ సిచువాన్ సామెత: పసుపు పిల్లయినా నల్ల పిల్లయినా ఎలకను పట్టేదే మంచి పిల్లి. ఈ మాటను పెట్టుబడిదారీ విధానానికి స్వాగత గీతంలా వాడేస్తుంటారు గానీ, అది పుట్టింది పొలం గట్టు మీద, ఆకలి చావుల నీడలో. దానికి ఆయన మూల్యమూ చెల్లించాడు. 1966లో మావో పార్టీలోని ప్రత్యర్థుల మీదికి యువతను ఉసిగొల్పిన సాంస్కృతిక విప్లవంలో ‘పెట్టుబడిదారీ మార్గీయుడు నంబర్ 2’ అయ్యాడు. బీజింగ్‌లో కొడుకు పైఅంతస్తు నుంచి పడి జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. జియాంగ్‌షీలోని ఒక ట్రాక్టర్ మరమ్మతు కర్మాగారంలో డెంగ్ మళ్లీ ఫిట్టర్ పని చేశాడు.

అందుకే 1978లో అన్‌హుయ్ పార్టీ కార్యదర్శి వాన్ లీ రైతుల పక్షాన నిలబడినప్పుడు డెంగ్ ఆయన్ని ఆపలేదు. అలాగని వెంటనే బాహాటంగా వెనకేసుకు రానూ లేదు. పంట చేతికొచ్చేదాకా చూసి, 1980 మేలో ఫెంగ్యాంగ్ పేరెత్తి మెచ్చుకున్నాడు. ఇంకో మూడేళ్లకు దాదాపు దేశమంతా అదే పద్ధతి. 1978లో 30 కోట్ల టన్నుల పైచిలుకున్న ధాన్యం దిగుబడి 1984కు 40 కోట్ల టన్నులు దాటింది. ఈ లెక్కలో మనవాళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. 1979లో ప్రభుత్వం ధాన్యం సేకరణ ధరను 20 శాతం పెంచింది, కోటాకు మించి అమ్మితే దానిపైన మరో 50 శాతం ఇచ్చింది. రైతుకు స్వేచ్ఛతో పాటు గిట్టుబాటు ధరా దొరికింది. పైగా పంచుకున్నది ఉమ్మడి భూమి కాబట్టి ఊళ్లో ప్రతి ఇంటికీ ఎంతో కొంత చెక్క దక్కింది. మన దగ్గర 1991లో సంస్కరణలు లైసెన్సులతో, రూపాయి విలువతో మొదలయ్యాయి. ఊరి భూమి లెక్క తేలకుండానే మిగిలిపోయింది. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పట్టుబట్టిన పీవీకి ఈ తేడా తెలియనిది కాదు.

చేతిలో నాలుగు డబ్బులాడిన ఊళ్లు ఇటుక బట్టీలు, కుట్టుపని కేంద్రాలు, చిన్న ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. 1990ల మధ్యకు వాటిలో 12 కోట్ల మందికి పైగా పనిచేస్తున్నారు. ఇది తాము ఊహించనిదనీ, కేంద్రం ఘనత కాదనీ 1987లో డెంగే ఒప్పుకున్నాడు. హాంకాంగ్ పక్కనే విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచిన షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలం ఆలోచన సైతం ఆ ప్రాంతం ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర నాయకులు అడిగిందే. అక్కడి యువకులు హాంకాంగ్‌కు ఈదుకుంటూ పారిపోతుంటే వాళ్లకు ఇంకో దారి తోచలేదు. కేంద్రం దగ్గర డబ్బు లేదు, దారి మీరే పోరాడి తెచ్చుకోండి అన్నాడు డెంగ్.

ఇదంతా ఆయన అడ్డు తొలగిన కథ. రెండో కథ ఇందులోంచే పుట్టింది. ఒకే సరుకుకు ప్రణాళిక ధర ఒకటి, సంత ధర ఇంకొకటి ఉండటంతో పలుకుబడి ఉన్నవాళ్లు ఇటు కొని అటు అమ్మి కోట్లు గడించారు. 1988లో ధరలు 18 శాతానికి పైగా పెరిగాయి. జనం బ్యాంకుల్లోంచి డబ్బు తీసి దొరికిందల్లా కొనిపెట్టుకున్నారు. 1989 ఏప్రిల్‌లో, సంస్కరణవాదిగా పేరున్న మాజీ పార్టీ ప్రధాన కార్యదర్శి హు యావోబాంగ్ చనిపోయాక బీజింగ్‌లోని తియానన్‌మెన్ కూడలిలో చేరిన విద్యార్థులు స్వేచ్ఛతో పాటు ఈ అవినీతినీ ప్రశ్నించారు. బయటి కుట్ర అని కొట్టేయడానికి వీల్లేదు, అది సంస్కరణల కడుపున పుట్టిన ప్రశ్న. డెంగ్ సైన్యాన్ని పంపాడు. జూన్ 3 రాత్రి, 4 తెల్లవారుజామున బీజింగ్ వీధుల్లో ఎందరు చనిపోయారో, వాళ్ల పేర్లేమిటో ప్రభుత్వం ఈనాటికీ పూర్తిగా చెప్పలేదు. జూన్ 9న సైనికాధికారులను అభినందిస్తూనే, 1978 నుంచి వచ్చిన ఆర్థిక విధానం మారదని డెంగ్ ప్రకటించాడు.

ఇద్దరు డెంగ్‌లు లేరు. పార్టీ నిలవాలంటే జనం కడుపు నిండాలి కాబట్టి పొలం వదిలాడు. పార్టీ నిలవాలనే వీధిని వదల్లేదు. 1992లో 87 ఏళ్ల వయసులో షెన్‌జెన్ దాకా రైలెక్కి వెళ్లి సంస్కరణలను మళ్లీ పట్టాలెక్కించిందీ ఈ లెక్కతోనే. దాని వల్ల కోట్లాది కుటుంబాలు పేదరికం దాటాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఆకలి ఎరగని మనకెవరికీ లేదు. 1957లో, 1989లో ప్రశ్నించినందుకు నలిగిపోయినవాళ్లను ఆ లెక్కలో తరుగు కింద రాసేసే హక్కూ లేదు.

సంస్కరణల తొలినాళ్లలో చైనా జనం నోట ఒక మాట ఆడేది: బియ్యం తినాలంటే వాన్ లీని వెతుక్కో, తిండిగింజలు కావాలంటే జియాంగ్‌ను వెతుక్కో. జియాంగ్ అంటే సిచువాన్ రైతుకు ఊపిరి పోసి, తర్వాత ప్రధానిగా, పార్టీ ప్రధాన కార్యదర్శిగా డెంగ్ సంస్కరణలను నడిపిన జావో జియాంగ్. విద్యార్థుల మీదికి సైన్యాన్ని పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. పదవి పోయింది. 15 ఏళ్లకు పైగా గృహనిర్బంధంలో ఉండి 2005 జనవరిలో చనిపోయాడు. అస్థికలను ఎక్కడ ఉంచాలో ప్రభుత్వానికీ కుటుంబానికీ ఒప్పందం కుదరక, పిల్లలు 2019 దాకా వాటిని ఇంట్లోనే పెట్టుకున్నారు.