ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరం) పచ్చ లైటు వెలిగితే శ్రుతి కలిసినట్టేనా?

ఇప్పుడే రిహార్సల్ నుంచి వచ్చాను, ఒళ్లింకా మండుతూనే ఉంది. మొదటి పాట ఎత్తుకోగానే పియానో ఆయన ఆపేసి, అందరి ముందూ "బేస్ శ్రుతిలో లేదు, చూసుకో" అన్నాడు. మధ్య ఎ స్వరం 440 హెర్ట్జ్ అనే మామూలు ప్రమాణం ప్రకారం నా బేస్ గిటార్ నాలుగు తీగలూ ట్యూనర్‌తో కలిపి వెళ్లాను నేను! దిగిపోయింది ఆయన పియానో. ఎన్నాళ్ల నుంచి ట్యూన్ చేయించలేదో, మధ్య ఎ నొక్కి చూస్తే 435 దగ్గరుంది. అంటే దాదాపు 20 సెంట్ల తేడా (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). మాట పడింది మాత్రం నేను.

సరే, పియానోలో 200కు పైగా తీగలు, అప్పటికప్పుడు ఎవరూ బిగించలేరు. నాకున్నవి నాలుగే. దిగాల్సింది నేనే, దాని గురించి గొడవ లేదు. ట్యూనర్‌ని 435కి మార్చినా చాలదు, వదిలేసిన పియానోలో అన్ని మెట్లూ ఒకేలా దిగవు. అందుకే నా తీగల స్వరాలు ఒక్కొక్కటే మోగించమని అడిగాను. నా లావు తీగ ఇ 41 హెర్ట్జ్, అంత కింద చెవికి తేడా సరిగ్గా తెలియదు. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) మీద వేలు నొక్కకుండా ఆనించి హార్మోనిక్ (ఒక స్థాయి పైన పలికే స్వరం) పలికించి, పియానోలో ఒక స్థాయి పైనున్న ఇతో కలపాలి. రెండూ కాస్త తేడాగా ఉన్నప్పుడు వూం వూం అని ఊగే అల మెల్లగా సాగి, సాగి, ఆగిపోవాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు కూడా ఆయన చేతులు ఊరుకోలేదు, ఏదో ఒకటి వాయిస్తూనే ఉన్నాడు.

పైగా డ్రమ్స్ అబ్బాయి సలహా: "ఐదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ హార్మోనిక్స్‌తో కలిపేసుకో అన్నా." అంటే పక్కపక్క తీగల్నే ఒకదానితో ఒకటి కలుపుకోవడం. పియానో పక్కన అది చేయకండి, దయచేసి. లావు తీగ నుంచి మొదలుపెడితే తీగకు 2 సెంట్ల చొప్పున తగ్గుతూ, చివరి సన్న తీగ జి దగ్గరికొచ్చేసరికి 6 సెంట్లు దిగి కూర్చుంటుంది.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. ఏళ్లుగా చూస్తున్నాను, బేస్ పక్కన ఉందని తెలిసినా పియానో వాళ్ల ఎడమచెయ్యి అడుగు స్వరాలు వదలదు. నేను పట్టుకున్న స్వరాన్నే కింద రెండు స్థాయిల్లో దబదబా బాదుతారు. పియానో అడుగు తీగల ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటే మోగే పై స్వరాలు) లెక్క కంటే కాస్త పైకే పలుకుతాయి. మేమిద్దరం అక్కడే వాయిస్తే ఎంత బాగా కలిపినా బురదే. అప్పుడు కూడా అందరూ తిరిగి చూసేది నా వైపే.

రేపు అరగంట ముందే వెళ్లి, ఎవరూ రాకముందే ఆ పియానోతో కలుపుకుంటాను. ఎడమచెయ్యి కాస్త పైకి జరపమని మాత్రం ఈసారి ఆయన మొహం మీదే చెప్తాను.