సవరణ: బీచ్ చెత్త ఫొటోల లెక్క

విశాఖ ఆర్కే బీచ్‌లో చెత్తను ఫొటో చూసి గుర్తించే కంప్యూటర్ మోడల్‌ను టీచబుల్ మెషీన్‌తో (కోడ్ రాయకుండా బ్రౌజర్‌లోనే మోడల్‌కి నేర్పే గూగుల్ టూల్) బడి పిల్లలూ టీచర్లే తయారుచేసుకోవచ్చని రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. వెబ్‌క్యామ్ బటన్ నొక్కి పట్టుకుని ఒక్కో రకానికి 200 ఫొటోలు తీస్తే చాలన్నాం. చాలవు. అలా తీస్తే అదే సీసా, అదే వెలుతురు, అదే కోణం: ఒక ఫొటోకి 200 నకళ్లు. పైగా ఆ టూల్ 85 శాతం ఫొటోలతో నేర్చుకుని, మిగతా 15 శాతంతో తనే పరీక్ష పెట్టుకుంటుంది. నకళ్లు రెండు వైపులా పడతాయి కాబట్టి మార్కులు నూటికి దగ్గరగా వస్తాయి. ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్షన్నమాట. ఒక్కో వస్తువుకి మూడు నాలుగు ఫొటోలు మించకుండా, రకానికి 50 వేర్వేరు వస్తువులు తీయండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, తడి ఇసుక మీద, పొడి ఇసుక మీద. పరీక్షకు మాత్రం రుషికొండ బీచ్‌లోనో భీమిలి బీచ్‌లోనో తీసినవి విడిగా దాచండి. శిక్షణలో వాటిని ఒక్కటి కూడా కలపొద్దు.

రెండోది: ప్లాస్టిక్ సీసా, కవరు, వల ముక్క అని మోడల్ గుర్తించాల్సిన రకాలు మూడే చెప్పాం. ఉత్త ఇసుక, గవ్వలు, నాచు, కొబ్బరి బోండాలతో నాలుగోది తప్పనిసరి. అది లేకపోతే గవ్వ చూపించినా మోడల్ ఆ మూడింట్లో ఏదో ఒకటి అనేస్తుంది. తెలీదనడం దానికి రాదు.

టూల్ ఫొటోను చదరంగా కత్తిరించి 224×224 పిక్సెళ్లకి కుదిస్తుంది కనుక వస్తువు మధ్యలో ఉండాలి. 50 ఎపాక్‌ల (అంటే శిక్షణ ఫొటోలన్నిటినీ మోడల్ 50 సార్లు తిరగేయడం) సంగతి సరిగ్గానే రాశాం, మార్చక్కర్లేదు.