ఏదెను తోటలో బోర్డు

జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ రాగిరేకు మీద చెక్కిన 'ఆదాము, హవ్వ' ముద్రాచిత్రాన్ని కళాప్రియులు ఐదు వందల ఏళ్లుగా మెచ్చుకుంటూనే ఉన్నారు. ఒంటి కొలతలంటారు, చెట్టు బెరడంటారు. మెచ్చుకోవాల్సింది ఆ మహానుభావుడి ముందుచూపుని.

బైబిల్లోని ఆదికాండం ప్రకారం ఆ దంపతులకు సిగ్గేసింది పండు తిన్నాక. అంజూరపు ఆకులు కుట్టుకున్నది ఆ తర్వాత. డ్యూరర్ బొమ్మలో ఇంకా ఎవరూ కొరకనేలేదు, అప్పుడే ఆకులు ఎక్కడ నిలబడాలో అక్కడ వచ్చి నిలబడ్డాయి. నేరానికి ముందే బెయిలన్నమాట. హవ్వ సామాన్యురాలేం కాదు. పాము నోటి దగ్గర ఒక పండు అందుకుంటూనే ఇంకొకటి వెనక చేతిలో దాచింది. ఆదాము పాదం దగ్గర ఎలుక, దాని ఎదుటే పిల్లి. పండు కొరికేదాకా పిల్లి సాధుజంతువే.

అసలు ఘనకార్యం ఆదాము పట్టుకున్న కొమ్మకి వేలాడుతోంది. చిన్న పలక. దాని మీద లాటిన్‌లో 'న్యూరెంబర్గ్ వాసి ఆల్బర్ట్ డ్యూరర్ చేశాడు, 1504' అని ఉంటుంది. ఊరి చివర ఖాళీ జాగాలో రాత్రికి రాత్రి 'ఈ స్థలము ఫలానా వారిది' అని పాతేసినట్టు, స్వర్గంలో బోర్డు! పైన కాపలాకి చిలుక.

ఊరికే అనకూడదు, కష్టపడ్డాడు. రేకు మీద గీసింది కాగితం మీద కుడిఎడమలు మారి పడుతుంది. కాబట్టి పేరంతా తిరగేసి చెక్కుకోవాలి. మొత్తం బొమ్మ ఎత్తు పాతిక సెంటీమీటర్లు. అందులోనే ఎద్దు, కుందేలు, దుప్పి, దూరాన కొండ కొమ్మున మేక. ఇంత ఇరుకులో ఊరి పేరుతో సహా ఇమిడ్చాడంటే, ఆ పలకకి జాగా ముందే వదిలిపెట్టి మిగతా సృష్టిని సర్దాడని నా గట్టి నమ్మకం.

ప్రభుత్వం కూడా ఆయన పక్షమే. 1512లో ఎవరో పొరుగూరివాడు న్యూరెంబర్గ్ పురభవనం దగ్గర డ్యూరర్ సంతకంగా వాడే గుర్తు దొంగతనంగా వేసిన బొమ్మలు అమ్ముతుంటే, నగర మండలి ఆ గుర్తులు చెరిపేయమంది, కాదంటే సరుకు జప్తు చేస్తామంది. తోట వేసిన దేవుడు మాత్రం ఏ మండలికీ ఫిర్యాదు చేసుకోలేకపోయాడు. ఆయన బోర్డు పెట్టుకోలేదు మరి.